ఎడమ చేత్తో కట్టిన కాయితం ఇల్లు

నాకు తొమ్మిదేళ్లు వచ్చేదాకా మా అమ్మే అన్నం కలిపి నోట్లో పెట్టేది. గారాబం అనుకుంటారేమో, కాదు. ఆరేళ్లప్పుడు నాచారంలో మేముండే గదుల వెనక జామచెట్టు ఎక్కి, కొమ్మ విరిగి కింద పడ్డాను. కుడి మోచెయ్యి విరిగింది. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ముసలాయన ఒకాయన దగ్గరికి మా నాయిన నన్ను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. ఆయన చెయ్యి గుంజి, కోడిగుడ్డు సొన రాసిన గుడ్డ చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టాడు. నలభై రోజులకు విప్పితే చెయ్యి వంకరగా అతుక్కుని ఉంది. మోచెయ్యి పూర్తిగా చాపలేను. వేళ్లు సగం ముడుచుకునే ఉంటాయి. తర్వాత పెద్ద దవాఖానాకు పోతే ఆలస్యమైంది, ఇక చేసేదేమీ లేదన్నారు.

ఎడమ చెయ్యి బాగానే ఉంది కదా అని మీరనొచ్చు. ఆ మాట మా ఇంట్లో అనే ధైర్యం ఎవరికీ లేదు. మా నాయనమ్మ జనగామ వైపు పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. మా నాయినకు నాచారంలో ఇంజనీరింగు ఫ్యాక్టరీలో పని దొరికినప్పుడు మాతోపాటు వచ్చేసింది. ఎడమ చేత్తో అన్నం ముట్టినా, పసుపు ముట్టినా, ఆఖరికి ఎవరికైనా చెంబు అందించినా ఆమె ఒప్పుకునేది కాదు. నేను మరచిపోయి ఎడమ చెయ్యి చాపితే చేతి మీద చిన్నగా ఒక దెబ్బ వేసేది. కోపంతో కాదు. రేపు అత్తగారింట్లో నన్నేమంటారో అన్న భయంతో.

బళ్లో కూడా అదే సంగతి. పలక మీద ఎడమ చేత్తో రాస్తే పంతులమ్మ స్కేలు చూపించేది. కొన్నాళ్లకు ఆమెకే జాలి కలిగి, "నువ్వు రాయకు బిడ్డా, విని నేర్చుకో" అని నన్ను వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ఆ మాటలో దయ ఉందని ఇప్పుడు తెలుసు. అయితే ఆ దయతోనే నేను రెండు చేతులుండీ ఏ చెయ్యీ లేని పిల్లనయ్యాను. జడ అమ్మ వేసేది. గౌను గుండీలు అమ్మ పెట్టేది. పుస్తకాల సంచి ఎదురింటి పిల్ల మోసేది. అలవాటైపోయి, ఏదైనా కావాలంటే చేతులు ఒళ్లో పెట్టుకుని ఎవరో ఒకరి ముఖం వైపు చూడటమే నా పని అయింది.

మేముండేది ఎనిమిది గదుల వరస. ముందు ఒక బోరింగు, దాని పక్కన బట్టలారేసే తీగ. మా పక్క గదిలో మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దాయన ఒక ఫ్యాక్టరీలో వాచ్‌మన్. వాళ్ల అమ్మాయికి అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. నాకు పక్కింటి అక్క. మందుల సీసాలు పెట్టే అట్టడబ్బాలు తయారుచేసే చోట పనిచేసేది. మొదట డబ్బాలు అతికించే లై పూసే పనిలో చేరి, రెండేళ్లు తిరిగేసరికి కొత్త డబ్బాలకు నమూనాలు చేసే పనికి ఎదిగింది. ఏ సీసా చేతికిచ్చినా తిప్పి చూసి, అట్ట మీద నాలుగు గీతలు గీసి, దానికి సరిపోయే డబ్బా మడిచి ఇచ్చేదట. మా నాయిన ఆ సంగతి ఇంట్లో గొప్పగా చెప్పేవాడు.

ఆదివారం పొద్దున అక్క ప్రార్థనకు వెళ్లొచ్చేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆ వరసలోని పిల్లలందరినీ తన గది ముందు అరుగు మీద కూర్చోబెట్టుకునేది. క్రైస్తవుల పిల్లలు, మా పిల్లలు అన్న తేడా లేదు. ఫ్యాక్టరీలో కోసి పారేసిన అట్టముక్కలు సంచిలో తెచ్చేది. ఒకవైపు తెలుపు, ఇంకోవైపు గోధుమరంగు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి లై చేసి పెట్టేది. నోట్లో వేలు పెట్టొద్దని ప్రతిసారీ చెప్పేది.

ఆమె పాఠం మొదలుపెట్టే తీరు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఒక అట్టముక్కను నేల మీద పడేసి, "గిది ఏం జేస్తుంది?" అని అడిగేది. పిల్లలు రకరకాలుగా చెప్పేవాళ్లు. ఇంకు అయిపోయిన రీఫిల్‌తో దాని మధ్యలో ఒక గీత గీసి, మడిచి, నిలబెట్టేది.

"పండుకున్న కాయితాన్ని లేపి నిలవెట్టాలె. గంతే మన పని."

అట్లా ఒక మడతతో మొదలై పెట్టెలు, దీపాల బుడ్లు, అయిదు మూలల చుక్కలు, రెక్కలు విప్పిన పిట్టలు తయారయ్యేవి. బల్లపరుపుగా ఉన్న కాయితానికి పొడవూ వెడల్పుతోపాటు ఎత్తు కూడా వస్తుందని, గీత గీశాక మడిస్తే కాయితం మాట వింటుందని, అతికించడానికి ఒక అంచు వదిలిపెట్టాలని పిల్లలకు ఆడుతూ పాడుతూ వచ్చేసింది. ఆ అంచును అక్క చెవి అనేది.

నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. అందరివీ అయ్యాక నా వంతు వచ్చేది. నేను ముఖం వైపు చూస్తే చాలు, అక్క నా అట్టముక్క తీసుకుని చకచకా మడిచి చేతిలో పెట్టేది. అందరికన్నా నాదే బాగుండేది. ఉండక ఏం చేస్తుంది, చేసింది డబ్బాల నమూనాలు చేసే మనిషి. దాన్ని ఇంటికి తీసుకెళ్లి గూట్లో పెట్టుకునేదాన్ని.

ఆ ఏడు క్రిస్మస్‌కు నెల ముందు అక్క ఒక ఆలోచన చేసింది. వాళ్ల ప్రార్థన మందిరం వరండాలో యేసు పుట్టిన ఊరిని కాయితంతో కట్టాలి. పిల్లలొక్కొక్కరు ఒక్కో ఇల్లు చెయ్యాలి. ఇంటి తలుపు మీద చేసినవాళ్ల పేరు ఉండాలి. ఎవరి ఇల్లు వాళ్లదే. పిల్లలందరికీ తమ ఇల్లు పదిమంది చూస్తారన్న సంబరం. మొదటి ఆదివారం ఎనిమిది ఇళ్లు లేచాయి. నాది ఎప్పట్లాగే అక్క చేసింది. తలుపు మీద నా పేరు కూడా తనే రాసింది.

అవన్నీ వరసగా పెట్టి చూస్తుంటే, రెండో గదిలో ఉండే పిల్ల ఒకతి నా ఇంటి వైపు వేలు చూపించింది.

"ఈ ఇల్లు అక్క జేసింది గదా. ఈ పోరి పేరెందుకు రాసిన్రు?"

దెప్పాలని కాదు ఆ పిల్ల అడిగింది. నిజంగానే అర్థం కాక అడిగింది. నాకు ఏడుపు రాలేదు. ఆ పిల్ల చెప్పింది నిజమే కదా అనుకున్నాను. ఎవరూ చూడనప్పుడు తలుపు మీద నా పేరును గోటితో గీకేసి ఇంటికొచ్చాను.

మరుసటి ఆదివారం అక్క అరుగు మీదికి వచ్చేసరికి ఆమె కుడి చెయ్యి అరచేతి నుంచి మోచేతి దాకా తెల్లగుడ్డతో చుట్టి ఉంది. మెడలో వేసుకున్న ఓణీ ముక్కలో ఆ చేతిని ఆన్చుకుంది. పిల్లలు చుట్టూ మూగారు.

"మిషన్‌ల పడ్డది. ఫికర్ జెయ్యకుండ్రి, తక్కువైతది" అని మాత్రం అంది.

చెయ్యి లేదు కాబట్టి ఆ రోజు మీ ఇళ్లను మీరే సరిచేసుకోండని పిల్లలతో చెప్పింది. తను కూడా ఎడమ చేత్తో ఒక ఇల్లు మొదలుపెట్టింది. గీత వంకర పోయింది. కత్తెర ఎడమ చేతిలో పట్టుకుని కోయబోతే కాయితం తెగకుండా రెండు రెక్కల మధ్యన మడతపడి నలిగిపోయింది. పిల్లలు నవ్వారు. అక్క కూడా నవ్వింది. మూడో ముక్క కూడా పాడయ్యాక నా వైపు తిరిగింది.

"జర నా పక్కకొచ్చి కూసో. నాకు చెయ్యి పోయి మూడు దినాలు, నీకు మూడేండ్లు. నాకంటె నీకే ఎక్కువ ఎరుక ఉండాలె. ఇది ఎట్ల కొయ్యాలె?"

నన్ను ఎవరైనా ఏదైనా ఎట్లా చెయ్యాలని అడగడం అదే మొదటిసారి. ఎట్లా కొయ్యాలో నాకు తెలుసు. తెలుసన్న సంగతి ఎవరికీ తెలియనివ్వకుండా దాచుకున్నాను.

మా గదుల వెనక, జామచెట్టు అవతల, నాయనమ్మ కంట పడని జాగా ఒకటి ఉంది. అగ్గిపెట్టెల మీది బొమ్మలు, బస్సు టికెట్లు, పొట్లాలు కట్టిన పాత పేపర్లు పట్టుకుని అక్కడ కూర్చునేదాన్ని. ఎడమ చేతికి కత్తెర లొంగదని నాకు అక్కడే తెలిసింది. కత్తెర లేకుండా ఎట్లా అన్నది కూడా అక్కడే తెలిసింది. మడవాలి, మళ్లీ వెనక్కి మడవాలి, గోటితో రుద్దాలి, మడత మీద వేలితో కాస్త తడి చెయ్యాలి. పనికిరాని కుడి చేతిని కాయితం మీద బరువులా ఆన్చి, ఎడమ చేత్తో నెమ్మదిగా లాగాలి. కత్తెర కోసినంత నున్నగా రాదు గానీ తిన్నగా వస్తుంది.

నాయనమ్మ ఎక్కడుందో ఒకసారి చూసుకున్నాను. ఎండలో కూర్చుని వత్తులు చేసుకుంటోంది. అప్పుడు అక్క చేతిలోని అట్టముక్క తీసుకుని చేసి చూపించాను. మందం అట్ట కదా, రెండుసార్లు ఎక్కువ మడవాల్సి వచ్చింది. తెగిన అంచును అక్క వేలితో తడిమి చూసింది.

"మంచిగొచ్చింది. ఇంకోపారి సూపెట్టు" అంది.

ఆ సాయంత్రం అక్కకు నేను నేర్పాను. ఇప్పుడు ఎవరికైనా చెప్తే నవ్వుతారు గానీ, ఆ రోజు నిజంగా నేనే నేర్పాననుకున్నాను. ఆమె ఎడమ చేత్తో చింపడం నేర్చుకుంటుంటే, మధ్యమధ్యలో తన మాటలతో నాతో ఒక ఇల్లు కట్టించింది. నాలుగు గోడలు ఒక వరసలో గీయాలి. చివర చెవి వదలాలి. ప్రతి రెండు గోడల మధ్యా రీఫిల్‌తో గీత. మొదటిసారి నా గోడలు మూసుకోలేదు. రెండోసారి చెవి బయటికి వచ్చింది. నేను అలవాటుగా ఆమె ముఖం వైపు చూశాను. అక్క కట్టు ఉన్న చేతిని కొంచెం పైకెత్తి చూపించి, మళ్లీ ఆన్చుకుంది. ఇక చేసేదేముంది, మళ్లీ విప్పి మడిచాను. సోమవారం, మంగళవారం కూడా ఆమె పని నుంచి రాగానే కాసేపు కూర్చున్నాం. మంగళవారం చీకటి పడే ముందు నాలుగు గోడలూ నిలబడ్డాయి. కప్పు ఒక్కటే మిగిలింది. లై ఆరడానికి దాన్ని అక్క గదిలోనే వదిలి వచ్చాను.

బుధవారం పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి పోయాను. అక్క నీళ్లు కొడుతోంది. రెండు చేతులతో. నిండిన బకెట్టును కుడి చేత్తో ఎత్తి పక్కన పెట్టింది. చేతి మీద చిన్న గీత కూడా లేదు. ఉతికిన తెల్లగుడ్డ తీగ మీద ఆరుతోంది.

ఆమె నన్ను చూసింది. నేనూ ఆమెను చూశాను. నేను ముఖం కడుక్కోకుండానే లోపలికి వచ్చేశాను.

నాకు వచ్చిన కోపం ఎట్లాంటిదో అప్పుడు చెప్పడానికి మాటలు లేవు. ఇప్పుడు చెప్పగలను. నన్ను చూసి జాలిపడేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నాకు కొత్త కాదు. ఈమె నాలాగా వేషం వేసింది. మూడు రోజులు చెయ్యి లేనట్టుండి, నాలుగో రోజు కట్టు విప్పి బకెట్టు ఎత్తుకుంది. నా చేతికి విప్పుకునే కట్టు లేదు. నేను నేర్పానని మురిసిపోయిన గంటలన్నీ నన్ను ఆడించడానికే అయ్యాయనిపించింది. ఆ రోజు బళ్లో పంతులమ్మ ఏం చెప్పిందో ఒక్క మాట వినలేదు.

సాయంత్రం అక్క మా గుమ్మం దగ్గరికి వచ్చింది. చేతికి కట్టు లేదు. లోపల అమ్మ నాకు తినిపించడానికి కంచంలో అన్నం, పప్పు కలుపుతోంది. నాయనమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. అక్క గడప మీద కూర్చుని, వాళ్లిద్దరి ముందే నాతో చెప్పింది.

"నీకు అబద్ధం జెప్పిన. నా చేతికి ఏం గాలె."

నేను తల తిప్పుకున్నాను. ఎందుకు చెప్పావని అడగాలని ఉంది. అడగకపోయినా ఆమే చెప్పింది.

"నువ్వు ఒక్క మడత తప్పితె నా చెయ్యి ఆగదు. గుంజుకొని నేనే జేస్త. మూడేండ్ల సంది అట్లనే జేసిన. జేసి, నీ పేరు రాసి, నీకు మేలు జేస్తున్న అనుకున్న. ఆ పిల్ల అడిగినప్పుడు సిగ్గయింది. అందుకే నా చెయ్యిని కట్టేసుకున్న. చెయ్యాల్సింది అదే. కాని మిషన్‌ల పడ్డదని నీతోని అబద్ధమాడుడు తప్పు. నిజమే జెప్పి కట్టుకోవాల్సింది."

ఈలోగా నాయనమ్మకు అసలు సంగతి అర్థమైంది.

"అంటే ఏంది? పోరి ఎడమ చేత్తోని చేస్తున్నదా?"

చేస్తున్నది అవ్వా, అని అక్క ఒప్పుకుంది. నాయనమ్మ లేచి నిలబడింది. ఇవాళ కాయితం, రేపు అదే చేత్తో బువ్వ తింటది, నలుగురిలో కూర్చోబెట్టగలమా, పెళ్లి చేసి పంపగలమా అని గబగబా అంది. అక్క నెమ్మదిగా ఒక్క మాట అడిగింది.

"అవ్వా, మనం ఎన్ని దినాలు తినిపిస్తం?"

ఆ లెక్క నాయనమ్మ ఎన్నోసార్లు వేసుకుని ఉంటుంది. మా అమ్మ ఎప్పుడూ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అన్నం కలిపిన కంచాన్ని నా ముందు నేల మీద పెట్టింది. పక్కన నీళ్ల చెంబు పెట్టింది. చేతులు కడుక్కుని, వాకిట్లో ఆరిన బట్టలు తియ్యడానికి వెళ్లిపోయింది. అక్క కూడా లేచి వాళ్ల గదికి పోయింది.

నాయనమ్మ ఏమంటుందోనని నేను కాసేపు అట్లాగే కూర్చున్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. వద్దనలేదు, తినమనీ అనలేదు. నేను ఎడమ చేత్తో తిన్నాను. సగం నేల మీద, గౌను మీద పడింది. తిన్న సగం చల్లారిపోయింది. అయినా ఆ పప్పన్నం రుచి నాకు ఇంకా గుర్తుంది. ఉప్పు తక్కువైంది. అమ్మ తినిపించినన్నాళ్లూ ఉప్పు సంగతి నేనెప్పుడూ గమనించలేదు.

అమ్మ లోపలికి వచ్చి కింద పడ్డ మెతుకులు ఎత్తింది. ఆ తర్వాత ఎప్పుడూ నాకు తినిపించలేదు. ఆ రోజు వాకిట్లో ఆమె ఏడ్చిందని మా నాయిన చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

అయితే అక్క మీద కోపం పోయిందా అంటే పోలేదు. గురు, శుక్రవారాలు వాళ్ల గది వైపు చూడలేదు. శనివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, గోడ మీద నుంచి చించి పక్కన పెట్టిన పాత క్యాలెండరు కాయితం కనబడింది. చేతులు ఊరుకోలేదు. కప్పు ఎట్లా ఉండాలో మనసులో ఉంది. మధ్యలో ఒక మడత, రెండువైపులా వాలు, కింద గోడకు పట్టడానికి రెండు చెవులు. మడిచి నిలబెట్టాను. అది ఎదురుగా నిలబడ్డాక నాకొక సంగతి తట్టింది. అక్క చెప్పింది అబద్ధమే. కానీ ఈ మడత అబద్ధం కాదు. దీన్ని చేసేటప్పుడు పక్కన అక్క లేదు, ఆమె కట్టు లేదు. కోపం అంతా పోలేదు గానీ, కోపంతోనే ఆ కప్పు పట్టుకుని ఆదివారం అరుగు మీదికి పోయాను.

ఆ రోజు అక్క లై గిన్నె తెరవకముందే పిల్లలందరి ముందు చెప్పింది, చేతికి ఏమీ కాలేదని, తను అబద్ధమాడిందని, తప్పయిందని. పెద్దవాళ్లు పిల్లల దగ్గర అట్లా ఒప్పుకోవడం మేమెవరమూ చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక అందరం చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాం. రెండో గది పిల్ల మాత్రం, "అయితె గా వంకర ఇల్లు నువ్వు కావాలని చేసినవా?" అని అడిగింది. లేదు, ఎడమ చేత్తో తనకు నిజంగానే రాదని అక్క చెప్పింది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నా ఇంటి గోడల మీద క్యాలెండరు కప్పు పెడితే కాస్త పెద్దదైంది. ఒక పక్క వాలిపోయింది. వాలు లోపలి వైపు నుంచి తారీకుల అంకెలు కనబడుతున్నాయి. అక్క చెయ్యి దాని వైపు రావడం, మధ్యలో ఆగి వెనక్కి పోవడం నేను చూశాను.

"సక్కగ జెయ్యాల్నా?" అని అడిగింది.

వద్దన్నాను. తలుపు మీద పేరు నేనే రాశాను. ఒక అక్షరం తలకట్టు లేకుండా, ఒక అక్షరం పక్కకు పడిపోయినట్టు వచ్చింది. క్రిస్మస్ రోజు ప్రార్థన మందిరం వరండాలో కాయితం ఊరు పెట్టారు. నా ఇల్లు ముందు వరసలో లేదు. వాలిన కప్పుతో దానంతటది నిలబడలేదు కాబట్టి వెనక వరసలో, కాయితం గొర్రెల పక్కన, గోడకు ఆన్చి పెట్టారు. మా నాయనమ్మ కూడా చూడటానికి వచ్చింది. అన్ని ఇళ్లూ చూసి, నాది ఏదని అడిగింది. చూపించాను. కప్పు మీద వేలు పెట్టి కొంచెం సర్దబోయి, ఊరుకుంది. అక్కడ పంచిన కేకు ముక్కను దస్తీలో కట్టుకుని, ఇంటికొచ్చాక నాకు ఇచ్చింది. నేను ఎడమ చెయ్యి చాపాను. ఆ చేతిలోనే పెట్టింది.

సెలవులయ్యాక అమ్మ బడికి వచ్చి, పంతులమ్మతో, ఎడమ చేత్తో రాయనియ్యండి అని చెప్పింది. పంతులమ్మకు అంతగా ఇష్టం లేకపోయినా సరే అంది. వెనక బెంచీ నుంచి రెండో బెంచీకి వచ్చాను. రాయడంలో అందరికన్నా రెండేళ్లు వెనకబడ్డాను, ఆ లోటు పూడటానికి రెండేళ్లు పట్టింది. అంతకన్నా విశేషమేమీ జరగలేదు. చదువుకున్నాను, టీచరునయ్యాను, ఉప్పల్ చుట్టుపక్కల సర్కారు బళ్లలోనే పనిచేసి రిటైరయ్యాను. అత్తగారింట్లో ఎడమ చేత్తో తింటే మొదటి రోజు అందరూ చూశారు. రెండో రోజు చూడటం మానేశారు.

పక్కింటి అక్క ఆ తర్వాతి ఏడు పెళ్లి చేసుకుని సైనిక్‌పురి వైపు వెళ్లిపోయింది. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో కలిసినప్పుడు కట్టు సంగతి ఎత్తాను. ఆ ఒక్క అబద్ధానికి మస్తు తిప్పలు పడ్డానని నవ్వింది. పెళ్లికి ముందు ఒకసారి నిజంగా జ్వరమొచ్చి పడుకుంటే, ఆదివారం పిల్లలెవరూ నమ్మక, గది ముందే కూర్చుని రమ్మని పిలిచారట. ఆమె ఇప్పుడు లేదు.

నేను ఇప్పుడు చిల్కానగర్‌లో ఉంటున్నాను. వారానికి రెండు రోజులు దగ్గర్లోని బడికి వెళ్లి మూడు, నాలుగు తరగతుల పిల్లలకు కాయితం పని నేర్పుతాను. పెట్టెలు, ఇళ్లు, దీపాల బుడ్లు, తెరిస్తే లేచి నిలబడే బొమ్మలు. కత్తెర ఇవ్వడానికి ముందు చింపడం నేర్పుతాను. ఇప్పటి పిల్లలకు మంచి కాయితాలు, రంగులు, అంటించే ట్యూబులు అన్నీ ఉన్నాయి. కానీ మొదటి మడత తప్పగానే చాలామంది చేసేది ఒక్కటే. కాయితాన్ని నా వైపు తోసి, "మీరే చేసివ్వండి టీచర్" అంటారు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పినా ఆ చెయ్యి పోవడం మానలేదు. ఆపుకోవాల్సిందే. నేను కట్టు కట్టుకోను, దెబ్బ తగిలిందని చెప్పను. నేను ముట్టుకోను, నువ్వు చెయ్యి, నేను ఇక్కడే ఉంటాను అని ఉన్న మాటే చెప్తాను. వాళ్లు బాగుందా అని అడిగితే, ఎక్కడ వాలిందో కూడా చెప్తాను. సరిచెయ్యాలో వద్దో వాళ్ల ఇష్టం.

అక్కడ పనిచేసే చిన్న టీచరమ్మ మంచిదే. తల్లిదండ్రులు వస్తారు, కాస్త సరిచేసి పెడదామండీ అంటుంది. ఆ తొందర నాకు తెలుసు. ప్రేమతోనే వస్తుంది. అందుకే దాన్ని ఆపుకోవడం కష్టం.

మొన్న మంగళవారం మూడో తరగతి పిల్ల ఒకతి మూత ఉన్న పెట్టె మొదలుపెట్టింది. మూత పెట్టె కన్నా చిన్నదైంది. విప్పి మళ్లీ చేసింది. ఈసారి వదులైంది. మళ్లీ విప్పింది. పీరియడంతా అదే పని. గంట కొట్టారు. పిల్లలంతా టిఫిన్ డబ్బాలు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. ఆ పిల్ల తలెత్తలేదు. చిన్న టీచరమ్మ గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. నేను చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, ఆ పిల్ల పక్కనే ఇంకాసేపు కూర్చున్నాను.